రెండు రింగుల కబురు

మేడ్చల్‌లో మా ఆఫీసు మెట్లెక్కితే ఎడమ పక్కన ఒక ఇనుప స్టూలు, దాని ముందు బల్ల, బల్ల మీద మూడు ఫోన్లు ఉండేవి. ఆ స్టూలు నాది. ఊడ్చడానికీ టీ పెట్టడానికీ చేరినదాన్ని. ఎవరూ ఎత్తక మోగుతున్న ఫోన్ ఒకనాడు ఎత్తాను. ఆ తర్వాత మోగినప్పుడల్లా అందరూ నా వైపే చూడడం మొదలుపెట్టారు. మా సారుది కోడిపిల్లల వ్యాపారం. షామీర్‌పేట అవతల షెడ్లలో గుడ్లు పొదిగించి, పుట్టిన రోజునే పిల్లలను ట్రేలలో సర్ది రైతుల ఫారాలకు పంపిస్తారు. రైతులు ఫోన్ చేసేది మాత్రం మేడ్చల్ ఆఫీసుకే.

అప్పటికి నాకు అక్షరం రాదు. అంకెలు కూడా కాగితం మీద చూస్తే చదవలేను. కాని ఫోన్ మీద మీటల వరస తెలుసు. ఎవరైనా ఒక నంబరు రెండుసార్లు పలికితే చాలు, నా వేలు దాన్ని పట్టేసేది. మళ్లీ మరిచేది కాదు. మూడు ఫోన్లలో ఏది మోగుతోందో లోపల టీ కాస్తూనే చెప్పేదాన్ని. ఒకటి జలుబు చేసినట్టు మోగేది, ఒకటి మేకపిల్లలా అరిచేది, మూడోది ఆగి ఆగి మోగేది. ఎత్తి హలో అంటే, అవతలివాళ్లు పలికే ఒక్క మాటతో ఏ ఊరి రైతో తెలిసిపోయేది. ఈసారి పిల్లలు బాగా పెరుగుతున్నాయో, తిట్టడానికి చేశాడో కూడా తెలిసేది. తిట్టడానికైతే సారుకు ఇచ్చే ముందు కాసేపు నేనే తిట్టించుకుని చల్లబరిచేదాన్ని.

మూడో ఫోన్ బండ్ల డ్రైవర్లది. వాళ్లు ఫోన్ చేసేవారే కాని మాట్లాడేవారు కాదు. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే బండి షెడ్ల దగ్గర బయలుదేరినట్టు. రెండు రింగులైతే ఫారం మలుపు దాకా వచ్చినట్టు. మూడైతే దారిలో ఏదో ఇబ్బంది. రోజుకు రెండే బండ్లు, పెందలాడే ఒకటి, పొద్దెక్కాక ఒకటి, అందుకని తికమక ఉండేది కాదు. నేను ఆ ఫోన్ ఎత్తను, వింటాను. రెండు రింగులు విన్నాక ఆ బండి వెళ్లిన ఫారం రైతుకు ఫోన్ చేసి, "పిల్లలొచ్చినయ్, గేటు తియ్యిరి" అంటాను. రైతుల నంబర్లు డ్రైవర్లకు ఇవ్వకూడదని సారు నియమం. ఇస్తే సొంత బేరాలు పెడతారని ఆయన అనుమానం. ఈ రింగుల పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు, ఎక్కడా రాసి లేదు. పని జరుగుతోంది కాబట్టి ఎలా జరుగుతోందని సారు ఎప్పుడూ అడగలేదు.

ఫోన్లు చూసుకోవడానికని సారు కొత్తగా పెట్టుకున్న అమ్మాయి, ఆమె ఎండాకాలం మొదట్లో వచ్చింది. తూంకుంటలో కొత్త కాలనీలో ఉంటారు, సొంత ఊరు గుంటూరు వైపు. డిగ్రీ చదివింది. నా కూతురి ఈడు ఉంటుంది. మొదటి రోజు నా పక్కనే కుర్చీ వేసుకుని, ఫోన్‌లో మాట్లాడుతూ, కాగితం వైపు చూడకుండానే రాసుకుపోయింది. నేను ఆ పెన్నునే చూస్తూ ఉండిపోయాను. నోరు ఒక పని, చెయ్యి ఇంకో పని. నాకున్నది నోరొక్కటే. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం సరిగా తినలేదు.

ఆమె చెడ్డది కాదు. అదే నాకు పెద్ద కష్టమైంది. తిట్టుకోవడానికి ఒక్క కారణం కూడా ఇచ్చేది కాదు. "మీరు కూర్చోండి పిన్నిగారూ, నేను చూసుకుంటాను కదా" అనేది.

"నేను గూసున్ననే ఉన్న బిడ్డా," అనేదాన్ని.

పది రోజులకు డబ్బా వచ్చింది. అరచేతి కంటే కొంచెం పెద్దది, ముందు పచ్చ లైట్లు. కండ్లకోయ నుంచి వచ్చిన టెక్నీషియన్ నడివయసు మనిషి, నెరిసిన మీసం. గోడలో నుంచి వచ్చే మూడు పాత వైర్లనూ ఆ డబ్బాలో గుచ్చి, డబ్బా నుంచి ఒక వైరు ఇంటర్నెట్‌కు కలుపుతానన్నాడు. నంబర్లు అవే ఉంటాయట. ఫోన్లు మాత్రం ఇక కంప్యూటర్‌లో, సారు మొబైల్‌లో, ఎక్కడ కావాలంటే అక్కడ మోగుతాయట. ముందుగా డబ్బాయే ఎత్తి, స్వాగతం చెప్పి, ఎవరు కావాలో నొక్కమంటుందట. ఆ స్వాగతం ఆమె గొంతుతోనే రికార్డు చేశారు. ఆమె సిగ్గుపడుతూ రెండుసార్లు చదివింది. రెండోసారికే బాగుందన్నారు. ఇన్నేళ్లు ఆ నంబర్లలో పలికిన గొంతు నాది. నా గొంతు కావాలా అని ఎవరూ అడగలేదు. చదవడానికి కాగితం ఇస్తే నేనేం చేసేదాన్ని, అది వేరే సంగతి.

"అక్కా, ఇగ నీకు ఆరామే. ఫోన్లెత్తుడు బంద్," అన్నాడు సారు. మంచి మాట అనుకునే అన్నాడు.

టెక్నీషియన్ తన మొబైల్ నుంచి మూడో నంబరుకు చేసి చూశాడు. నా బల్ల మీద ఫోన్ మోగలేదు. దాని వైరు అప్పటికే డబ్బాలో ఉంది. ఆయన మొబైల్ నుంచి మాత్రం ఆమె గొంతు తియ్యగా వినిపించింది. మొదటి రింగుకే ఎత్తేసింది డబ్బా. రెండో రింగు అన్నది ఇక రాదని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇన్నేండ్ల సంది నువ్వే చూస్తున్నవంట. గీ మూడో లైన్ మీద ఇంకేమన్న ఉన్నదా? ఫ్యాక్సు గీక్సు?"

"ఏం లేదు."

"పక్కా?"

"పక్కా."

ఆ రోజు సాయంత్రం ఒక రైతు ఫోన్ చేశాడు. ఆమె చెవులకు తగిలించుకున్నది సర్దుకుని, అతను పలకకముందే, "కీసర నుంచేనా అండీ, నమస్కారం" అంది. తెర మీద పేరు వచ్చిందట. అతను ఎంత మురిసిపోయాడో నవ్వు నాదాకా వినిపించింది. నేను గొంతు విని గుర్తుపట్టడం గొప్ప అనుకునేదాన్ని. ఈమె గొంతు రాకముందే గుర్తుపట్టింది. కడుపులో మిరపకాయ పెట్టినట్టయింది.

మర్నాడు తొలి బండికి ఏమీ కాలేదు, ఆ ఫారం మనుషులు గేటు దగ్గరే ఉన్నారట. రెండోది పొద్దెక్కాక వెళ్లింది. ఎండ పేలిపోతోంది. ఆమె తెర వైపు చూస్తూ అంది, "ఎవరో పదే పదే చేసి పెట్టేస్తున్నారండీ. స్వాగతం కూడా పూర్తిగా వినట్లేదు. ఆకతాయిలేమో."

నాకు తెలుసు. అది ఆకతాయి కాదు, మా డ్రైవరు. గేటు తీసేవాళ్ల కోసం చూస్తున్నాడు. ఆ ఫారంలో గేటు నుంచి కోళ్ల షెడ్లకు చాలా దూరం, హారన్ వినపడదు. అన్నీ తెలిసి నేను గ్లాసులు కడుగుతూ నిలబడ్డాను. ఇంకోసారి చేస్తాడు, విసిగి ఆమెతో మాట్లాడతాడు, ఆమెకు ఏమీ తెలియదని సారు ముందు తేలిపోతుంది. అంతవరకే అనుకున్నాను. ట్రేలలో ఉన్నవాటి గురించి అనుకోలేదు. కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను.

చివరికి అతను మాట్లాడాడు. ఆమె, "ఎవరండీ మాట్లాడేది? ఆర్డరు ఎవరి పేరు మీద ఉందండీ?" అని అడుగుతోంది. అతను ఇవతలికి వినపడేలా అరుస్తున్నాడు. ఆమె కంగారుపడి సారును పిలిచింది, సారు రైతుకు చేశాడు, గేటు తెరిచారు. అప్పటికే చాలాసేపైంది.

సారు ఆమెను నిలబెట్టి కోప్పడ్డాడు. "గంత సదువుకున్నవ్, పది సార్లు ఫోనొస్తే ఎవలని అడగరాదా?" ఆమె ఏడవలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. కళ్లారా చూశాను. అబద్ధం చెప్పను, కాసేపు బాగానే ఉంది.

మధ్యాహ్నం దాటాక డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఒక ట్రే. సారు గదిలోకి పోలేదు, ఆమె వైపు చూడలేదు. తిన్నగా వచ్చి నా బల్ల మీద, ఫోన్ల పక్కన పెట్టాడు. పసుపు పచ్చటి పిల్లలు, మెడలు వాల్చి, ఒకదాని మీద ఒకటి.

"అక్కా, రెండు రింగులియ్యనీకె జూసిన. ఒక్కపారి కాదు, ఎన్నిపార్లో జూసిన. నువ్వు లెవ్వా?"

లేనని చెబితే అయిపోయేది. నా నోటికి ఆ మాట రాలేదు. ఇన్నేళ్లలో నేను వినలేదన్న మాట ఏ డ్రైవరూ అనలేదు.

"ఉన్న," అన్నాను. "ఈన్నే ఉన్న. రింగులు డబ్బా మింగుతాందని నిన్ననే ఎర్కయింది నాకు. చెప్పలే."

సారు బయటికి వచ్చాడు. "ఏంది? ఏం రింగులు?"

అంతా చెప్పాను. ఒకటి, రెండు, మూడు, ఏది దేనికో. టెక్నీషియన్ అడిగితే ఏమీ లేదన్నానని కూడా చెప్పాను. "గా పిల్లను తిట్టిచ్చినవ్ గదక్కా నాతోని," అన్నాడు సారు. రేపటి నుంచి రావద్దంటాడని చీపురు మూలన పెట్టి ఎదురుచూశాను. అనలేదు. ట్రే కిందికి తీసుకువెళ్లి వెనకాల గుంట తీసి పూడ్చింది నేనే.

టెక్నీషియన్ మళ్లీ వచ్చాడు. నా పాత ఫోన్‌ను ఆ మూడో లైనుకే కలిపి, ఆరు రింగులయ్యాక గాని డబ్బా ఎత్తకుండా మార్చాడు. ఐదు నిమిషాల పని. "గిదే ముచ్చట మొన్న జెప్తే అయిపోతుండె గదమ్మా," అన్నాడు, వైరు చుట్ట చుడుతూ.

ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిన్నిగారూ అనలేదు. మూడో రోజు తెల్ల కాగితాల పుస్తకం తీసుకుని నా స్టూలు దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

"మీకు తెలిసినవి ఇంకా ఏమున్నాయో అన్నీ చెప్పండి. రాసుకుంటాను. మళ్లీ నా మీదికి రాకూడదు."

న్యాయమైన మాటే. కాని నా దగ్గరున్నవన్నీ ఒకసారి తలుచుకున్నాను. ఏ రైతు ఏ వేళకు నిద్రపోతాడో, ఎవరింట్లో ఫోన్ కోడలే ఎత్తుతుందో, ఏ డ్రైవరు మూడు రింగులిస్తే నిజంగా ఇబ్బంది, ఏ డ్రైవరు ఇస్తే టీ తాగుతున్నట్టు. ఇదంతా ఆమె పుస్తకంలోకి పోతే నా దగ్గర ఏం మిగులుతుంది? స్టూలు మిగులుతుంది.

"నువ్వొద్దు," అన్నాను. "నేనే రాస్త."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకు రాయడం..."

"రాదు. నేర్పు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వకుండా పుస్తకం నా వైపు తిప్పింది. ఇప్పటికీ తెలియదు, జాలిపడిందో, లేక నా దగ్గరున్నది నెమ్మదిగానైనా రాబట్టవచ్చని లెక్క వేసుకుందో. నేనైతే రెండోదే చేసి ఉండేదాన్ని.

వానాకాలమంతా అన్నాలు తిన్నాక ఆమె పక్కన కూర్చుని దిద్దాను. అంత దగ్గరగా కూర్చుంటే ఆమె చెయ్యే కనిపించేది. ఆమె అక్షరాలు గుండ్రంగా, ముగ్గు పెట్టినట్టు ఉంటాయి. నావి కంచె కర్రల్లా ఉంటాయి. "బాగా వస్తున్నాయండీ పిన్నిగారూ," అంటే, కోపమొచ్చి ఇంటి దగ్గర ఇంకో పేజీ రాసేదాన్ని. ఈ చేతికి రాత వచ్చిందంటే ఆ మంట వల్లే. ఆఫీసులో నేను రాసిన మొదటి మాట ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క మీద, "పిల్లల బండి". దాన్ని డబ్బాలోకి వెళ్లే మూడో వైరుకు అంటించాను. ఇంకా ఉంది. అంచులు నల్లబడ్డాయి.

నా పుస్తకం ఇప్పుడు సగం నిండింది. ఆమె అడిగినప్పుడల్లా ఇస్తాను, చదువుకుని తిరిగి ఇస్తుంది. తెర మీద పేర్లు నేనూ చదవగలను, కాని కూడబలుక్కునే లోపే ఆమె నమస్కారం చెప్పేస్తుంది. అది నాకు ఇప్పటికీ పడదు.

పొద్దెక్కాక పాత ఫోన్ ఆగి ఆగి రెండుసార్లు మోగుతుంది. ఆమెకూ ఇప్పుడు దాని అర్థం తెలుసు, పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. అయినా తన పని ఆపి నా వైపు తిరిగి, "వచ్చిందా అండీ?" అని అడుగుతుంది. నేను ముందు రైతు నంబరు నొక్కుతాను, కాగితం చూడకుండా. గేటు తియ్యమని చెప్పి పెట్టేశాక, అప్పుడు ఆమెకు జవాబిస్తాను.