నీలం ఎక్కడున్నది?

కొత్త లాప్‌టాప్ డబ్బా విప్పగానే నా బిడ్డ మొదట దాన్ని వాసన చూసింది. తర్వాత అరచేత్తో మూత మీద, అంచుల మీద, అడుగున గాలి పోయే సన్నటి చీలికల మీద నిమిరింది. పక్కనున్న రంధ్రాలను వేలికొసతో తడిమి, ఇది చార్జర్‌ది, ఇది పెన్‌డ్రైవ్‌ది అని నాకు ఒక్కొక్కటే చెప్పింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. నాకు చూపుంది గానీ నడివయసు వచ్చేదాకా అక్షరం లేదు. ఆ ఆదివారం పొద్దున హాస్టల్ గదిలో ఆ యంత్రం ముందు మేమిద్దరమే కూర్చున్నాం.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ ఆడపిల్లల హాస్టల్ మెస్సులోనే చపాతీలు చేస్తాను. లాలాగూడ నుంచి వచ్చిపోతుంటాను. బిడ్డ తెలుగులో పరిశోధన పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా అదే హాస్టల్‌లో ఉంటోంది. సోమవారం పొద్దున ఆమెకు ఒక కాలేజీలో లెక్చరర్ పనికి ఇంటర్వ్యూ. ఆన్‌లైన్‌లోనే. తెర మీద పాఠం పేజీలు చూపిస్తూ వాళ్లకు క్లాసు చెప్పాలి. ఆమె లాప్‌టాప్‌ను చూసి వాడదు, విని వాడుతుంది. తెర మీద ఏముంటే అది లోపలి నుంచి ఒక గొంతు చదివి చెప్తుంది. ఆ గొంతు లేకపోతే ఏ పేజీ నడుస్తోందో ఆమెకు తెలియదు.

అంతకుముందు ఒక ఇంటర్వ్యూలో స్నేహితురాలు పక్కన కూర్చొని పేజీలు తిప్పింది. వాళ్లు అది చూసి, రేపు క్లాసులో కూడా మీ పక్కన మనిషి ఉండాలా అని అడిగారట. ఉద్యోగం రాలేదు. అందుకే ఈసారి పక్కన ఎవరూ ఉండకూడదని ఆమె పట్టు పట్టింది. ఇంతలో పాత లాప్‌టాప్ ఆగిపోయింది. కొత్తది శనివారం సాయంత్రం చేతికొచ్చింది, అదీ ఖాళీది. ఓఎస్ మనమే వేసుకోవాలి. ఆ స్నేహితురాలు ఓఎస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చి, దసరా సెలవులకు ఊరికి వెళ్లిపోయింది. హాస్టల్ సగం ఖాళీగా ఉంది.

ఓఎస్ అంటే ఏందని అడిగాను. ఇల్లు కట్టుకున్నట్టు అంది. కట్టినాక నల్లా, కరెంటు కనెక్షన్లు తీసుకోవాలి కదా, వాటిని డ్రైవర్లు అంటారని చెప్పింది.

పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కి, ఒక కీ మీద టకటకా కొట్టింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. కెమెరా పట్టి చదివించే యాప్ ఒకటి ఆమె ఫోన్‌లో ఉంది. తెర ముందు పట్టుకుంటే ఇంగ్లీషులో గడగడా అన్ని లైన్లూ చదివింది. కానీ ఆ లైన్లలో మేము ఏ లైను మీద ఉన్నామో దానికి తెలియదు.

"అమ్మా, ఒక్క లైనుకే రంగు ఉంటది సూడు. ఎన్నోది?"

"మీదికెళ్లి రెండోది. నీలం ఉన్నది."

"ఇప్పుడు?"

"కిందికి దిగింది."

ఇక అక్కణ్నుంచి ఆమె అడిగిందల్లా ఒకటే, నీలం ఎక్కడున్నది అని. నీలం ఎట్లుంటుందో ఆమెకు తెలియదు. చిన్నప్పుడు ఆకాశం నీలంగా ఉంటుందని చెప్తే, ఆకాశం ఎట్లుంటది అని అడిగింది. ఆ రోజు మాత్రం మా ఇద్దరికీ నీలం అంటే ఒకటే, మేము నిలబడిన చోటు.

ఒక దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఎక్కడ వెయ్యాలో అడుగుతోంది అంది. ఒక లైను లాప్‌టాప్‌ది, ఇంకోటి పెన్‌డ్రైవ్‌ది, పెద్ద అంకె ఉన్నదే లాప్‌టాప్‌దట. తప్పు లైను మీద నొక్కితే పెన్‌డ్రైవే చెరిగిపోతుంది, మళ్లీ ఎక్కించేవాళ్లు లేరు. అంకెలు నాకు అక్షరాల కన్నా ముందే వచ్చు, బస్సులెక్కి నేర్చుకున్నవి. పెద్ద అంకె పైదాని పక్కన ఉందని చెప్పాను. నీలం కూడా దాని మీదే ఉందా అని అడిగింది. ఉందన్నాను. నిజంగా ఉందా అని మళ్లీ అడిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసి, ఉందన్నాను. అప్పుడు నొక్కింది.

అది తనంతట తానే ఆరి, వెలిగి, మళ్లీ ఆరి వెలిగింది. చివరికి తెల్లటి పెద్ద పేజీ వచ్చింది. బిడ్డ సర్దుకుని కూర్చుంది. ఇక్కడి నుంచి గొంతు వస్తుందట. మూడు కీలు కలిపి నొక్కి, చెవి కీబోర్డుకు ఆనించింది. మళ్లీ నొక్కింది. ఏమన్నా మారిందా అని అడిగింది.

ఒక మాట చుట్టూ నీలం గీతతో పెట్టె లాంటిది వచ్చిందని చెప్పాను. ఆమె ఒక కీ కొట్టింది. పెట్టె కింది మాట మీదికి పోయింది. ఇంకోసారి కొడితే ఇంకా కిందికి పోయింది. అలాగే చెప్పాను.

ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అది మాట్లాడుతున్నదమ్మా. ఒక్కొక్క మాట సదువుతున్నది. మనకే వినిపిస్తలేదు."

సౌండ్‌కు డ్రైవర్ లేదు. అది వెయ్యాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే వైఫై కావాలి, దానికీ డ్రైవర్ లేదు. నల్లా పెట్టుకోవడానికి నీళ్లు కావాలన్నట్టు ఉంది ఇది. నాకు తోచిందల్లా ఆమె గ్లాసులో మంచినీళ్లు పోసి ఇవ్వడమే.

కాసేపటికి ఆమెకు ఫోన్ గుర్తొచ్చింది. ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలిస్తే ఫోన్‌లోని నెట్టే దానికి పోతుందట. తగిలించింది, పోయింది. పేజీలు ముందుకు కదిలాయి. సౌండ్ డ్రైవర్ దానంతట అదే దిగుతుందని కూర్చున్నాం. కానీ యంత్రం ముందు తనకు కావలసిన ఏవో పెద్ద పెద్దవి దింపుకోవడం మొదలుపెట్టి, ఆ రోజు డేటా అంతా మింగేసింది. బిడ్డ ఇంకో ప్యాక్ వేసింది. అదీ మింగింది. దాంతో ఫోన్‌లోని చదివే యాప్ కూడా పని చెయ్యడం మానేసింది. దానికీ నెట్టే కావాలి మరి.

"ఇగ నువ్వే సదువాలె అమ్మా" అంది.

నాకు తెలుగు చదవడం వచ్చు. సాయంత్రం భోజనాల హడావిడి లేనప్పుడు హాస్టల్ పిల్లలు మెస్సు బల్లల మీద మాకు అక్షరాలు దిద్దించేవారు. బిడ్డ పాఠాలు ఆమెకు చదివి వినిపించాలనే నేను ఆ వయసులో పలక పట్టాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం బిడ్డే నేర్పింది. వాళ్ల బడిలో కట్టెతో చేసిన అక్షరాలు తడిమించేవారు, అన్నీ పెద్ద ఏబీసీడీలే. వాటినే ఆమె నా అరచేతిలో వేలితో రాసేది. చిన్న అక్షరాలు ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నాకూ రాలేదు. ఏవో కొన్ని డబ్బాల మీద, బిస్కెట్ పాకెట్ల మీద చూసి పట్టుకున్నాను. తెర మీద ఉన్నవన్నీ ఆ చిన్నవే. బీ, డీ, పీ, క్యూ, ఒకటే అక్షరాన్ని అటు ఇటు తిప్పి పెట్టినట్టు ఉంటాయి.

ఏ కీలు నొక్కాలో గుర్తు చేసుకుంటూ ఆమె లాప్‌టాప్ భాగాల జాబితా తెరిచింది. ఏ భాగానికి డ్రైవర్ లేదో దాని పక్కన పసుపు ముక్కోణం ఉంటుందట. చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చదవమంది.

"ఎమ్. యు. తర్వాత ఐ."

"ఐ రాదమ్మా గక్కడ. మంచిగ సూడు."

"నిలువు గీతనే బిడ్డా. మీద సుక్క లేదు. కట్టె ఐ తీర్గనే ఉన్నది."

"కట్టె ఐ నడిమిట్ల రాదు. గది ఎల్."

ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే. ఆ మాట చివరికంటా చదివేసరికి నా మెడ పట్టేసింది. మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అట. సౌండ్‌ది అదే. దాని మీద నొక్కింది, డ్రైవర్ దొరకలేదని చెప్పింది యంత్రం. ఆ నాలుగు మాటలు చదవడానికి నాకు పట్టినంత సేపట్లో మెస్సులో ఒక బంతి లేచిపోతుంది.

అప్పుడే తెర మూలన చిన్న డబ్బా ఒకటి లేచింది. ఏముందని అడిగింది. "ఆర్, ఇ" అన్నాను. మూడో అక్షరం వెంటనే తట్టలేదు. ఆమె, రీట్రై అయి ఉంటది, మళ్లీ ప్రయత్నించమంటోంది అని ఎంటర్ కొట్టింది. నేను "ఎస్" అనేసరికి తెర నల్లబడింది. అది రీస్టార్ట్. అరకొరగా దింపుకున్నదంతా వెనక్కి తీసేసుకుంటూ చాలాసేపు సున్నా లాంటిది తిప్పుతూ కూర్చుంది. ఆ సున్నా తిరుగుతోందని తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంకా తిరుగుతోందా అని ఆమె అడగడం, తిరుగుతోందని నేను చెప్పడం.

"రేపు పొద్దున వాళ్లకు ఫోన్ జేసి, నాతోని కాదని చెప్తనమ్మా."

ఇంకో తల్లి అయితే ఆ మాటకు ఏదో ఒకటి అనేది. ఏదన్నా అనాలంటే అక్కడ ఏం జరుగుతోందో కొంచెమైనా తెలియాలి కదా. ఆ యంత్రం నా కళ్ల ముందే ఉంది, వెలుగుతోంది, అక్షరాలు చూపిస్తోంది. నేను దాన్ని చూస్తూ ఉన్నాను, అంతే. తార్నాకలో రిపేరు షాపులు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి, పోదాం పా అన్నాను.

మా ఆయన తార్నాక, మల్కాజ్‌గిరి మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే గిరాకీ వదిలేసి హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. సంగతి విని, "డ్రైవర్ లేదని గింత పరేషాన్ అవుతున్నరా? నేను లేనా?" అన్నాడు. బిడ్డ లాప్‌టాప్‌ను గుండెకు పట్టుకుని ఎక్కుతూ, "నీ ఆటోకు సౌండొక్కటే ఉన్నది నాయినా, గదన్న మాకిచ్చెయ్" అంది. ఆయన నవ్వి, అద్దంలో నా మొఖం చూసి ఆటో తిప్పాడు.

చౌరస్తా దాటినాక, మందుల షాపు పక్కన మెట్లు దిగితే రిపేరు షాపు. అక్కడి అతను లాప్‌టాప్ తెరిచి, బిడ్డ వైపు ఒకసారి చూసి, నన్ను అడిగాడు, ఆమెకు కనిపిస్తదా, మరి లాప్‌టాప్ ఏం చేసుకుంటది అని.

"నాకు కనిపించదన్నా, వినిపిస్తది. నన్నే అడుగు" అంది బిడ్డ.

అతను కొంచెం తడబడి, ఈసారి ఆమెకే చెప్పాడు. డ్రైవర్లన్నీ వెతికి వెయ్యాలి, ముందు చాలా పని ఉంది, పెట్టిపోతే మంగళవారం ఇస్తానన్నాడు. ఇంటర్వ్యూ రేపే అని ఆమె చెప్పింది. నేను కూడా చెప్పాను. అతను చెడ్డవాడేం కాదు. బల్ల మీద విప్పి పెట్టిన యంత్రాలు చూపించి, వీళ్లందరికీ రేపే అమ్మా అన్నాడు. బిడ్డ లాప్‌టాప్ మూయలేదు. అట్లాగే నిలబడింది. ఆమె నిలబడితే నేనూ నిలబడ్డాను.

అంతలో ఒక కాలేజీ పిల్ల వచ్చి ఇయర్‌ఫోన్స్ అడిగింది. తన ఫోన్‌కు గుండ్రటి రంధ్రం లేదని, చార్జర్ పెట్టే దాంట్లో పెట్టుకునేవి కావాలని చెప్పింది. అతను ఒకటి తీసిచ్చాడు. పిల్ల ఫోన్‌కు పెట్టుకుని చూసి, పైసలిచ్చి వెళ్లిపోయింది. బిడ్డ తల అటే తిరిగి ఉండిపోయింది.

అలాంటివి ఇంకోటి ఉన్నాయా అని అడిగింది. ఫోన్లవి లాప్‌టాప్‌కు ఎట్ల పని చేస్తాయని అతను అన్నాడు. కొన్నిట్లో సౌండ్ తయారయ్యేది ఇయర్‌ఫోన్స్ లోపలే ఉంటుంది, అట్లాంటివైతే లాప్‌టాప్ సౌండ్ డ్రైవర్‌తో పని లేదు అని ఆమె చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో అంత నమ్మకమేం లేదు. పని చెయ్యకున్నా పైసలిస్తానంది.

రెండు చెవుల్లో పెట్టుకుంది. పిన్ను తగిలించింది. మూడు కీలు నొక్కింది.

తెర మీద మళ్లీ పెట్టె వచ్చింది. మా ఇద్దరికీ, అంటే షాపతనికీ నాకూ, కనిపించింది అంతే. అతను మెల్లగా నన్ను, వచ్చిందా అని అడిగాడు. నాకేం తెలుస్తుంది? బిడ్డను అడిగాను. పలకలేదు. భుజం మీద చెయ్యి వేసి మళ్లీ అడిగాను. ఆమె వేళ్లు కీల మీద కదులుతున్నాయి. పెట్టె ఒక మాట నుంచి ఇంకో మాటకు దుంకుతోంది, నా కన్ను దాని వెంట పోలేకపోయింది.

ఉన్నట్టుండి ఆమె, చెవులు మూసుకున్నవాళ్లు మాట్లాడినట్టు గట్టిగా, "పొద్దటి సంది ఈ గొంతు లోపల్నే ఒర్లుతున్నది పాపం" అంది. షాపులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు.

ఒక చెవిది తీసి నా చెవిలో పెట్టింది. ఇంగ్లీషు, అదీ చేటలో బియ్యం కుమ్మరించినంత వేగం. ఒక్క అక్షరం కూడా చేతికి చిక్కలేదు. ఏమంటున్నదని అడిగాను.

"స్పీకర్‌కు డ్రైవర్ లేదని చెప్తున్నది."

షాపతను ముందు నవ్వాడు. తర్వాత ఆమె కూర్చోవడానికి స్టూలు జరిపాడు.

నాకు సాయంత్రం చపాతీల వేళ అయింది. ఆమె తన పేజీలు ఎక్కించుకుంటోంది, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలో కూడా నన్ను అడగలేదు. ఆమెను హాస్టల్‌లో దింపమని మా ఆయనకు చెప్పి నేను నడిచి వచ్చేశాను.

సోమవారం పొద్దున ఆమె కొత్త డేటా ప్యాక్ వేసి, ఫోన్‌ను కేబుల్‌తో తగిలించుకుని గది తలుపు గడియ పెట్టుకుంది. పిండి కలిపే పని పక్కామెకు అప్పగించి నేను వరండాలో కొంచెం దూరంగా నిలబడ్డాను. లోపల ఆమె పాఠం చెప్తోంది. గొంతు వినిపిస్తోంది, మాటలు విడివిడిగా తెలియడం లేదు. ఒకచోట ఆమె ఆగింది. ఆ ఆగడం పాఠంలో ఆగాల్సిన చోటేనా, యంత్రం గొంతు మళ్లీ పోయిందా అన్నది నాకు తెలియలేదు. తలుపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాను. ఆమె పక్కన ఎవరూ లేరని ఇంటర్వ్యూ వాళ్లు చూడాలి. కాసేపటికి ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

ఉద్యోగం సంగతి ఇంకా తెలియలేదు. చెప్తామన్నారట.