రాజేశం అన్న తీసేసిన ఆర్గన్‌ని మళ్ళీ ఎవరు కలిపారు?

నిన్న పొద్దున చాయ్ పెట్టుకుని వాట్సాప్ తెరిచాను. మన తెలుగు గ్రూప్‌లో ఒక వీడియో.

ముందు మ్యూజిక్ వినబడింది. మాది. మేం ముగ్గురం వాయించిందే. కానీ వెనకాల చర్చి ఆర్గన్ ఒకటి భోంయ్‌మని మోగుతోంది. ఎవరు చేశార్రా ఈ పని అని తిట్టుకుంటూ స్క్రీన్ చూశాను.

రాజేశం అన్న ఫోటో. దండ.

అలా తెలిసింది నాకు.

హాస్పిటల్‌లో ఉన్నాడని తెలుసు. కోలుకుంటున్నాడనే అనుకున్నాం. మాలో ఒక్కరికి కూడా ఫోన్ చేసి చెప్పే ఓపిక సొసైటీ వాళ్ళకి లేదు. వీడియో ఎడిట్ చేయించే ఓపిక మాత్రం ఉంది. పైన సొసైటీ లోగో కూడా!

ఏడుపు కంటే ముందు అసహ్యం వచ్చింది. ఇంకా పోలేదు. అందుకే రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. రాజేశం అన్న మా దిండోలి అపార్ట్‌మెంట్ల సొసైటీలోనే ఉండేవాడు. వాళ్ళ నాన్న సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు. అన్న మాత్రం స్కూల్లో పిల్లలకు కీబోర్డ్ నేర్పేవాడు. లాక్‌డౌన్‌లో స్కూల్ మూతపడ్డాక ఆయనకొక పిచ్చి పట్టింది. ఎప్పుడో మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో చర్చి ఆర్గన్ కోసం రాసిన సంగీతాన్ని, అసలు ఆర్గనే లేకుండా ముగ్గురు మనుషులతో వాయించాలని.

ఆర్గన్ మీద కుడిచేత్తో ఒక వరస, ఎడమచేత్తో ఒక వరస, కాళ్ళతో ఇంకో వరస వాయిస్తారు. కుడిచెయ్యి నా వయొలిన్‌కి ఇచ్చాడు. ఎడమచెయ్యి బ్యాండ్ పార్టీలో క్లారినెట్ వాయించే హరీష్‌భాయ్‌కి. పెళ్ళిళ్ళు లేక ఆయన ఖాళీగానే ఉన్నాడు. కాళ్ళు మా డెంటిస్ట్ అనిత గారి చెల్లోకి, అదే ఆ పెద్ద వయొలిన్ లాంటి దానికి. "నాకు కాళ్ళు అప్పజెప్పాడు చూడు" అని ఆమె ఒకటే నవ్వు.

మొదటి రోజు టెర్రస్ మీద హరీష్‌భాయ్ సగంలోనే క్లారినెట్ దించేశాడు. ముఖం కందగడ్డ. "యే ఆద్మీ కే లియే లిఖా హై, యా పంప్ కే లియే?" మనిషి కోసం రాశారా, పంపు కోసమా అని.

నిజమే. ఆర్గన్‌కి తిత్తుల నుంచి గాలి వస్తూనే ఉంటుంది. ఒకే స్వరాన్ని ఎంతసేపైనా పట్టుకుంటుంది. మనిషి పట్టుకోలేడు. ఇంకొకరైతే ఆ స్వరాన్ని మధ్యలో కోసేసి ఊరుకునేవాళ్ళు. అన్న కూర్చుని మొత్తం తిరగరాశాడు. హరీష్‌భాయ్ ఆపబోయే ముందే చెల్లో సన్నగా అదే స్వరం అందుకుంటుంది. ఆయన ఊపిరి తీసుకుని తిరిగొచ్చాక మెల్లగా తప్పుకుంటుంది. వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు ఉండదు.

"ఇంత తిప్పలెందుకన్నా, కీబోర్డ్‌లో ఆర్గన్ సౌండ్ ఉంది కదా, వెనకాల పెట్టేయ్" అన్నాను ఒకసారి.

"గది పెడితే మీరెందుకు మల్ల? మంచిగ ఇంట్ల కూసోండ్రి. ఆర్గన్ వినబడొద్దు. మీ ముగ్గురు వినబడాలె."

ఇక మా సెక్రటరీ గారు. మనాయనే, తెలుగాయనే. ఒకరోజు టెర్రస్ మీదకి వచ్చి, "ఏందిది రాజేశం, చావు పాట లెక్కున్నది. కరోనా టైంల గిసోంటివి ఎందుకు? ముసలోళ్ళు భయపడుతున్నరు" అన్నారు. మర్నాడు టెర్రస్‌కి తాళం.

చివరికి అన్న ఇంట్లోనే, వంటగది పక్కన కూర్చుని రికార్డ్ చేశాం. అన్న దాన్ని సంబరంగా గ్రూప్‌లో పెట్టుకున్నాడు. ఒక్క మనిషి నోరు విప్పలేదు. దాని కిందే ఎవరో వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడిగారు.

నిన్నటి నుంచి అదే గ్రూప్‌లో "మహా కళాకారుడు", "తీరని లోటు". చచ్చినవాడి కళ్ళు చారడేసి అని ఊరికే అనలేదు. ఒకాయనైతే "సంగీతానికి ఊపిరి పోసి, ఊపిరాడక పోయాడు" అని స్టేటస్ పెట్టాడు. ప్రాస కుదిరిందని మురిసిపోయినట్టున్నాడు. ఆక్సిజన్ బెడ్ కోసం వదిన గ్రూప్‌లో బతిమాలినప్పుడు ఈయన ఎక్కడున్నాడో! ఛీ.

సెక్రటరీకి ఫోన్ చేశాను.

"ఉత్తగ మూడే వాయిద్యాలు, చప్పగ ఉన్నదమ్మా. జర గ్రాండ్‌గ ఉండాలని ఎనక చర్చి సౌండ్ కలిపించిన. మొదట్ల ఏవో మాటల లొల్లి ఉండె, అది గూడ కట్ చేయించిన. మంచిగొచ్చింది కదా?"

మెచ్చుకుంటానని ఎదురు చూస్తున్నాడు. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. ఆమెకూ పాజిటివ్. ఇంట్లో ఒక్కతే ఉంది. అన్న ముఖం కూడా చూడనివ్వలేదు, పీపీఈ కిట్లు వేసుకున్న వాళ్ళే తీసుకెళ్ళి కాల్చేశారు. వదినకు సంగీతం రాదు. అయినా అడిగింది.

"వీడియోల గా పెద్ద సౌండ్ ఏందమ్మా? అది వద్దనే గదా మీ అన్న గంత తండ్లాడింది?"

సెక్రటరీ చేయించిందంతా చెప్పాను.

"అసలుది నీ తాన ఉన్నదా? మొదట్ల ఆయన మాట్లాడిండు గదా. నాకు అది కావాలె."

ఉంది వదినా. కింద పెడుతున్నాను. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. నీ కుక్కర్ విజిల్ ఉంది. హరీష్‌భాయ్ ఊపిరి పీల్చుకోవడం వినబడుతుంది. మొదలుపెట్టే ముందు అన్న ఆయనతో అంటున్నాడు: "ఆరామ్ సే, హరీష్‌భాయ్. పహలే సాంస్ లే లో." నిదానంగా, ముందు ఊపిరి తీసుకో అని.

సెక్రటరీ గారు లొల్లి అన్నది దీన్నే.

ఆ వీడియో తీసేయండి. రేపు జూమ్‌లో సంతాప సభ అట, నన్ను వయొలిన్ వాయించమంటున్నారు. నేను రాను.

వెళ్ళిరా అన్నా. నువ్వున్న చోటైనా ఎవరూ నీ మీద ఏ సౌండూ కలపకుండా, నిమ్మళంగా ఉండు.