బోణీ వేళ వచ్చిన బొమ్మల బడి

ఖమ్మం బజారులో బేరమాడడంలో నన్ను మించినవాడు లేడని నలుగురూ ఒప్పుకున్న రోజుల్లో, ఇంగ్లీషులో ఉన్న ఒప్పందం మీద ఒక్క ముక్క బేరమాడకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను. అది మామూలు సంతకం కూడా కాదు. మా స్టీలు సామాన్ల దుకాణం పై అంతస్తులోని సరుకంతా ఖాళీ చేయించి, సముద్రం అవతలి ఒక బొమ్మల బడికి అక్కడ శాఖ తెరిపించిన సంతకం. కంప్యూటరులో బొమ్మలను కదిలించడం నేర్పే బడి. మా జిల్లాలో అప్పటికి అలాంటి సాహసం ఎవరూ చేయలేదు. నన్ను చూశాక మళ్లీ ఎవరూ చేయలేదు. ఆ ఘనత ఇప్పటికీ నాదే.

తొంభైల నడుమ సంగతి ఇది. ఆ బడికి హైదరాబాదులో ఒక ఆఫీసు ఉండేది. చిన్న పట్టణాల్లో శాఖలు పెట్టేవాళ్లు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చారు. దాన్ని కత్తిరించి నా గల్లా మీద పెట్టింది భాయ్.

భాయ్ మా ఎదురు సందులో బోర్డులు రాసేవాడు. వాళ్లు తాతల నాటి నుంచీ ఈ ఊరివాళ్లే. బోర్డులు పేరుకే, అతనికి అన్నం పెట్టినవి సినిమా హాలు స్లైడ్లు. బొమ్మ మొదలయ్యే ముందూ, ఇంటర్వెల్లోనూ తెర మీద దుకాణాల ప్రకటనలు పడేవి కదా, ఆ గాజు పలకలు ఊళ్లో సగం అతని చేతివే. మా దుకాణం స్లైడులో బిందె మీద ఒక మెరుపు చుక్క పెట్టాడు. ఆ చుక్క చూసి, నిజం బిందెలు అంత మెరవడం లేదని నాతో పోట్లాడిన కొనుగోలుదారులు ఉన్నారు. తర్వాత కేబుల్ టీవీవాళ్లు ఇంట్లోనే ప్రకటనలు చూపించసాగారు. హాళ్లలో స్లైడ్లు ఆగిపోయాయి. బోర్డులకు కంప్యూటరు కత్తిరించే స్టిక్కర్లు వచ్చాయి. భాయ్ కుంచెలు డబ్బాలో ఎండిపోతున్నాయి.

"అన్నా, గీ బడి నువ్వు పెట్టు. నాకు సారు పని ఇప్పియ్యి. జీతం తక్కువైనా మంచిదే, కొలువు అయితే చాలు."

"నీకు కంప్యూటర్ వస్తదా?"

"నీకొస్తదా? నువ్వు బడే పెడుతున్నవ్ గదా."

"నేనింక పెడ్తనన్లేదు."

"చెప్పాల్నా? బేరం వాసన తగిలితె నీ చెవులు ఎర్రగైతయి. అద్దంల చూస్కో."

చెవులు ఎర్రగానే ఉండి ఉంటాయి. పై అంతస్తు మాదే, కిరాయి కట్టక్కర్లేదు, చేతికింద అగ్గువకు మేస్టారు ఉన్నాడు, పిల్లల ఫీజులు వస్తాయి. నా లెక్క నాకుంది. ఒక్కటే చిక్కు. ఆ బడి నియమం ప్రకారం పాఠం చెప్పేవాడికి డిగ్రీ ఉండాలి. భాయ్ ఏడో తరగతి. నేను కంగారు పడలేదు. నియమమంటే అంగట్లో మొదట చెప్పే ధర లాంటిదని నా నమ్మకం.

జాబు రాశాను. చోటు చూడడానికి ఫలానా రోజు పదకొండు గంటలకు వస్తామని జవాబు వచ్చింది. నేను తయారయ్యాను. ముందు ఫీజులో వాటా తగ్గించమంటాను, ఒప్పుకోరు. తర్వాత మిషన్లు తక్కువ పెడతానంటాను, సగం ఒప్పుకుంటారు. చివరికి వాళ్లు లేచేటప్పుడు, సాగనంపడానికి చెప్పులు వేసుకుంటూ, "డ్రాయింగు సారు మావాడే, ఆ ముక్క కాగితంలో రాయండి" అంటాను. బేరంలో నిజంగా కావలసినదాన్ని చివర అడగాలి, దానివైపు చూడకుండా అడగాలి. ఇది మా ఇంట్లో పాలతో పాటు పట్టిన విద్య.

వాళ్లు పదకొండుకు రాలేదు. పొద్దున్నే, షట్టరు సగం లేచి ఉండగా వచ్చారు. నాయిన గల్లా ముందు అగరొత్తులు వెలిగిస్తున్నాడు. బోణీ కాలేదు.

నాయినకు ఒక పట్టు ఉండేది. పొద్దున గడప తొక్కిన మొదటి మనిషి చెవిన 'కాదు', 'లేదు', 'కుదరదు' అన్న మాట పడకూడదు. నష్టమైనా సరే, ఆ మనిషి నవ్వుతూ మెట్లు దిగాలి. లేదంటే ఆ రోజు వ్యాపారం చచ్చినట్టే. మామూలు రోజుల్లో దీనికయ్యే ఖర్చు ఒక గరిటె మీద రూపాయో రెండో.

వచ్చింది ఇద్దరు. ఒకామె ఆ బడి ఉన్న దేశపు టీచరు. జుట్టు నెరిసింది, రాత్రి రైలులో నిద్ర లేదని ముఖమే చెబుతోంది. స్టూలు వేస్తే కూర్చుని కళ్లు మూసుకుంది. రెండోవాడు హైదరాబాదు ఆఫీసు కుర్రవాడు, టై కట్టుకున్నాడు. అతను నాకు కాదు, మా నాయినకు నమస్కారం పెట్టాడు.

"పెద్దాయనా, ఇంకా బోణీ అయినట్టు లేదు. మన ఒప్పందమే బోణీ అనుకుందామా?"

నాయిన ముఖం వెలిగింది. నేను గొంతు సవరించుకున్నాను. "కొన్ని మాట్లాడుకునేటియి ఉన్నయి..."

"ఒరేయ్, బోణీ ముంగట గొణుగుడేంది?" అన్నాడు నాయిన. "ఆడిబిడ్డ గంత దూరం నుంచి వచ్చింది. అవ్ అను."

"నాయినా, ఇది మనం అమ్ముడు కాదు. కొనుడు."

"అమ్ముడైనా కొనుడైనా గడప ఒక్కటే. అవ్ అను!"

అవ్ అన్నాను. సంతకం పెట్టాను. భాయ్ సంగతి నోటితో చెబితే, కుర్రవాడు కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "ఆరు నెలలు ఆయన్నే నేర్పనివ్వండి సార్. పిల్లలతో ఒక చిన్న బొమ్మల సినిమా చేయించండి. మేడం మళ్లీ వస్తారు. అప్పుడు చూద్దాం" అన్నాడు. 'చూద్దాం' అని కొననివాడు అంటాడు. అది తెలిసీ ఊరుకున్నాను.

మెట్లు దిగుతూ అతనే చెప్పాడు. "మాది జనగామ దగ్గర కిరాణా కొట్టు సార్. మా నాన్న కూడా ఇంతే, బోణీ అయ్యేదాకా కాదనరు. మేడం స్టేషన్లోనే కూర్చుందామన్నరు. నేనే జల్దీ తీసుకొచ్చిన."

కోపం రాలేదు. అలాంటివాడు మా దుకాణంలో ఉంటే ఎంత బాగుండునా అనిపించింది.

తర్వాతి నెలలు తలచుకుంటే ఇప్పటికీ మోకాళ్లు నొప్పి పెడతాయి. కింద దుకాణం, పైన బడి, మధ్యలో నిటారు మెట్లు. కరెంటు పోయినప్పుడల్లా పైనుంచి పిల్లలు కేకలు వేసేవాళ్లు, నేను జనరేటరు తాడు గుంజడానికి ఎక్కేవాణ్ణి. చేరినవాళ్లు కొద్దిమందే. సత్తుపల్లి నుంచి బస్సులో కొందరు, మధిర నుంచి రైల్లో కొందరు. వాళ్ల నాన్నలు వచ్చి ఒకటే అడిగేవాళ్లు, ఇది నేర్చుకుంటే ఏం ఉద్యోగం వస్తుందని. నాకేం తెలుసు? విదేశాల్లో గిరాకీ ఉందని చెప్పేవాణ్ణి. ఆ మాట ఒప్పందంతో పాటు వచ్చిన రంగుల కాగితంలో చదివాను.

భాయ్ మాత్రం నేర్చుకున్నాడు. మౌస్ పట్టుకుని మొదటివారం, "చేతికి పక్షవాతం వచ్చినోని లెక్క గీస్తున్న" అని తిట్టుకున్నాడు. తర్వాత బొమ్మలు కాగితం మీదే గీసి, స్కానరు మీద పెట్టి లోపలికి పంపడం కనిపెట్టాడు. పిల్లలతో చేసే సినిమాకు కథ కూడా మా దుకాణంలోనే దొరికింది. భద్రాచలం అడవి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు బిందె కొనేటప్పుడు ధర అడగరు, ముందు వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. మోత నచ్చకపోతే ఉచితంగా ఇచ్చినా తీసుకోరు. ఒకామె వస్తుంది, వరసగా బిందెలన్నీ కొట్టి చూస్తుంది, చివరికి ఒకటి నచ్చుతుంది, నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతుంది. అంతే కథ.

"గీ ఒక్క నిమిషానికి ఎన్ని బొమ్మలు గీయాలె?" అన్నాను.

"సెకనుకు పన్నెండన్న కావాలె."

"ఆరు చేస్తే?"

"ఆమె నడవదు అన్నా, కుంటుతది."

"పోనీ ఎనిమిది?"

"గిది బిందెల బేరమా? నువ్వు కిందికి పో, గిరాకొచ్చింది."

గిరాకీ రాలేదు. నన్ను పంపడానికి అన్నాడు.

నడక సరిగా రావడం లేదని ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని భద్రాచలం అవతలి సంతకు బయల్దేరాడు. పాల్వంచ దగ్గర డ్యూటీ దిగిన కార్మికులతో బస్సు నిండిపోయి, సగం దారి నిలబడ్డాం. సంతలో భాయ్ ఒక చింత మొదట్లో కూర్చుని, బరువులెత్తుకుని పోయే ఆడవాళ్ల కాళ్లే చూస్తున్నాడు. చింతపండు అమ్మే ఒకామె చాలాసేపు ఓర్చుకుని అంది:

"ఏందయ్యా, చింతపండు కొంటవా, కాళ్లు కొంటవా?"

"బొమ్మ గీస్తున్నమ్మా. నడిచే బొమ్మ."

"నడిపిచ్చేదుంటె ఈ గంప ఎత్తుకొని నువ్వు నడువు. అప్పుడు తెలుస్తది."

భాయ్ నిజంగానే గంప ఎత్తుకుని సంత ఒక చుట్టు తిరిగాడు. జనం నవ్వారు. తిరిగొచ్చి, "మెడ కదలదు అన్నా. మొత్తం నడుము చేస్తది పని. నేను మెడ కదిలిచ్చిన, అందుకే తప్పు" అన్నాడు. నేను ఆ చింతపండు బేరమాడి కొన్నాను. ఇంట్లో పుచ్చిందన్నారు.

మోత కోసం నాయిన చేతనే బిందెలు కొట్టించి టేపు చేశాం. సినిమా అయింది.

టీచరమ్మ చెప్పిన వేళకే మళ్లీ వచ్చింది, వెంట ఆ కుర్రవాడు. ఒకసారి చూసింది. మళ్లీ వేయమంది. చివరి బిందె దగ్గరికి వచ్చేసరికి తెలియకుండానే తన వేలితో బల్ల మీద కొట్టింది. ఇది గీసిందెవరని అడిగింది. భాయ్ చేతులు లుంగీకి తుడుచుకుని నిలబడ్డాడు. ఆమె ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. కుర్రవాడు తెలుగు చేశాడు.

"మేడం ఈయన్నే సారుగా పెట్టాలంటున్నరు. కానీ డిగ్రీ లేనివాళ్ల సంగతి ఒప్పందంలోనే రాసుకోవాలి సార్. ఆ రోజు మీరు రాయించలేదు."

"ఆ రోజు బోణీ" అన్నాను.

అతను నవ్వలేదు. "ఇంకో దారి ఉంది. హైదరాబాదులో మూడు నెలల కోర్సు. అది చేస్తే డిగ్రీ అడగరు, మా శాఖల్లో ఎక్కడైనా సారుగా తీసుకుంటరు. ఒక్క సీటుంది. మేడం ఈయన పేరు రాస్తరు. నెలాఖరులోగా ఫీజు కట్టాలి."

భాయ్ నావైపు చూశాడు. నేను కడతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ ఫీజు ఎంతో వినగానే లోపల పాత మనిషి లేచాడు. మొదటిసారి నోరు మూయించి సంతకం పెట్టించుకున్నారన్న కసి ఒకటి. సగానికి అడిగాను. తన చేతిలో లేదన్నాడు. ఆ మాట నేను రోజుకు పదిమందితో అనేదే. అయితే ఆలోచించి ఫోన్ చేస్తానన్నాను.

బేరంలో ఆఖరి అస్త్రం మెట్లు దిగడం. వద్దని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తే అమ్మేవాడు పిలుస్తాడు. నేను ఫోన్ చేయకుండా కూర్చున్నాను.

"అన్నా, బట్టలు సర్దుకోనా?" అని భాయ్ వచ్చి అడిగేవాడు.

"ఆగు. వాడే పిలుస్తడు."

"పిలువకుంటె?"

"మెట్లు దిగినంక పిలవనోన్ని నేను ఇంతవరకు చూడలె."

"వాడు మన మెట్లు దిగిపోయిండు అన్నా. మనం దిగలె."

నాకది అప్పుడు అర్థం కాలేదు. నెలాఖరు దగ్గర పడ్డాక ఎస్టీడీ బూత్‌కు వెళ్లి నేనే ఫోన్ చేశాను, అడిగినంతా కడతానని చెప్పడానికి. ఎవరో కొత్త గొంతు. సీటు విజయవాడ శాఖవాళ్లకు ఇచ్చేశారట. మళ్లీ కోర్సు ఉండదట, చిన్న ఊళ్లలో శాఖలు తగ్గించేస్తున్నారట.

భాయ్ బూత్ బయట నిలబడి ఉన్నాడు. అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. బయటికి వచ్చాక ఒకటే అడిగాడు.

"ఎంత తగ్గియ్యమన్నవ్?"

చెప్పాను.

"గదేనా?" అన్నాడు. "సైకిల్ అమ్మి నేనే ఇద్దును గదా అన్నా. నన్నడగకపోతివి."

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్న పిల్లల కోర్సు అయ్యేదాకా బడి నడిచింది. కొత్తగా వచ్చినవాళ్లు టైపూ, అకౌంట్లూ నేర్పుతారా అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. ఒప్పందం ప్రకారం సినిమా ఆ విదేశీ బడిదే. వేరే దేశాల్లో చూపించారని విన్నాను, ఎవరి పేరు వేశారో తెలియదు. భాయ్ పాల్వంచ వెళ్లి కంపెనీ కాలనీల్లో గోడల మీద జాగ్రత్త సూచనలూ, బస్సుల మీద నంబర్లూ రాస్తున్నాడు. పని దొరికిన రోజు కూలి, లేని రోజు లేదు. పండక్కి వస్తే మా ఇంటికి వస్తాడు. ఆ మాట ఇద్దరం ఎత్తం.

ఇక బిల్లు. రెండు కంప్యూటర్లు, స్కానరు, జనరేటరు: పెళ్లి కార్డులు అచ్చువేసేవాడు పావు ధరకు తీసుకున్నాడు, అతనితో బేరమాడే ఓపిక లేకపోయింది. బడికి కట్టిన రుసుము మొత్తం పోయింది. పై అంతస్తు ఎవరికైనా ఇస్తే వచ్చే ఏడాదిన్నర కిరాయి పోయింది. పిల్లల ఫీజులు కరెంటుకూ, డీజిలుకూ సరి. దుకాణం రెండేళ్లలో ఆ నష్టం పూడ్చుకుంది. కోర్సు ఫీజు కట్టనేలేదు కాబట్టి అదంతా నాకే మిగిలింది. ఆ ఖర్చు భాయ్ పేరున పడింది.