కృపమ్మ గారి ఆదరణ కూడిక

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కృపమ్మ చేపల పచ్చడి కొట్టు ఏలూరు మెయిన్ రోడ్డు మీంచి వెనక సందులోకి పోయింది. కొట్టుతోపాటు బేరాలూ పోయాయి. కొల్లేరు కొర్రమీను తెచ్చి, ముళ్ళు తీసి, పచ్చడి పెట్టడం తప్ప ఆవిడకు వేరే విద్య రాదు. మొగుడు పోయాక పిల్లని చదివించింది ఆ పచ్చడే. ఇప్పుడేమో పొద్దుట తలుపు తీయడం, సాయంత్రం వేయడం, మధ్యలో ఈగలు తోలుకోవడం. ఈ నెల చూసి కొట్టు మూసేసి, మళ్ళీ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోదామనుకుంది. ఐసులో చేతులు పెట్టి రోజంతా నిలబడే ఓపిక ఈ వయసులో ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే ఆవిడ బెంగ.

విజయవాడలో నర్సుగా చేస్తున్న కూతురు మెర్సీ ఊరుకోలేదు. తాడేపల్లిగూడెంలో చిన్న పీఆర్ ఆఫీసు పెట్టుకున్న అభిషేక్‌ని పంపించింది.

"పేపర్లో ప్రకటన వేస్తారా బాబూ?" అంది కృపమ్మ నీరసంగా.

"కాదండీ. ప్రకటనంటే మన గురించి మనం చెప్పుకోవడమండీ. మీ గురించి నలుగురూ మాట్లాడుకునేలా చేయడం మా పని. మీ పాత కస్టమర్లని పిలిచి రుచి చూపిద్దామండీ. విలేకర్లని నేను తీసుకొస్తాను."

కుర్రాడు పని తెలిసినవాడే. కాకపోతే వాళ్ళింట్లో చర్చి గడప తొక్కినవాళ్ళు లేరు. ఇన్నేళ్ళు ఆదరించినవాళ్ళు కలుస్తున్నారు కదా అని, కృపమ్మ ఫొటో పెద్దది వేయించి, కింద 'కృపమ్మ గారి ఆదరణ కూడిక, ఆదివారం సాయంత్రం, అందరూ రండి' అని రాయించాడు. ఆవిడ ఫోనుకీ పంపాడు. కళ్ళజోడు లేక ఆవిడకి తన మొహం తప్ప అక్షరాలు ఆనలేదు. బాగుంది బాబూ అనేసింది. శనివారం చీకటిపడ్డాక సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. క్రైస్తవుల్లో ఆదరణ కూడిక అంటే పోయినవాళ్ళ కోసం జరిపే ప్రార్థన అని ఆ పిల్లాడికి చెప్పే దిక్కు లేకపోయింది.

ఆదివారం సందు నిండిపోయింది. అందరూ తెల్లబట్టల్లో, చంకలో బైబిలు, చేతిలో పూలదండ. ముదినేపల్లి నుంచి కూడా ఆటోలు దిగాయి. పచ్చడి గిన్నె పట్టుకుని కృపమ్మ గడపలోకి రాగానే, ముందున్న స్టెల్లా టీచరు "ప్రభువా" అంటూ అక్కడే కూలబడింది.

సంగతి తెలిసి అభిషేక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకా మాట తెలీదండీ, క్షమించండి" అని కనబడ్డవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టాడు.

సంఘపెద్ద యోసేపు దండ వెనక్కి దాచుకుంటూ నసిగాడు. "పోయారనుకుని వచ్చామమ్మా."

"కొట్టు ఇక్కడికి మార్చానని తెలీదాండీ?"

"తెలుసమ్మా. రేపొద్దాం, ఎల్లుండొద్దాం అనుకుంటూ..." ఆయన తలొంచుకున్నాడు.

సిగ్గుకో, రుచికో, వచ్చినవాళ్ళందరూ సీసాలు పట్టుకెళ్ళారు. విలేకరి నవ్వాపుకుంటూ అన్నీ రాసుకున్నాడు. అలమర ఖాళీ అయిపోయింది.

"రేపు పేపర్లో మీ సంగతేనండీ. ఇంక కొట్టు మూయక్కర్లేదండీ," అన్నాడు అభిషేక్, కాస్త ప్రాణం వచ్చి.

"మూయను బాబూ. పొద్దున్నే చేపలకి వెళ్ళాలి." కృపమ్మ బల్ల మీద కూలబడి మోకాళ్ళు ఒత్తుకుంది. సంతోషించాలని తెలుసు. మనసే రావడం లేదు. "నిజంగా పోయినప్పుడు మాత్రం ఎవరూ రారు బాబూ," అంది. "మళ్ళీ పచ్చడి అమ్ముకోడానికే పిలిచాననుకుంటారు."