చూపుడువేలితో ఎత్తిన గుట్ట

ఏ ప్రశ్నకూ ఒక్క అంకెతో జవాబు చెప్పని తొలి మానవుడిగా చరిత్రలో ఆయనకు స్థానం దక్కవలసింది. "భోజనానికి ఎన్నింటికొస్తారండీ?" అని భార్య అడిగితే, "ఒంటిగంట, పావుగంట అటూ ఇటూ" అనేవాడు. ఆయన పనిచేసే చమురు కంపెనీ ఆఫీసులో ఆయన పేరే అటూఇటూగారు. భూమిలోకి పంపిన ధ్వని తిరిగొచ్చే సమయాన్ని మీటర్ల లోతుగా మార్చి, ఆ లోతులో ఎంత తప్పుండవచ్చో వెయ్యి రకాలుగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ముందు, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చునేవాడు.

ఒకనాడు ఆ సాఫ్ట్‌వేర్, తవ్వబోయే కొత్త బావిలో చమురు పడే అవకాశం ఇరవై ఎనిమిది శాతం అంది. నలభై లేనిదే బోర్డు తవ్వనివ్వదు. తవ్వకం లేకపోతే పన్నెండు మంది పనిచేసే ఆ గది మూతపడుతుంది. మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "రాతిలో ధ్వనివేగం కాస్త తగ్గించండి సార్, మీ సొమ్మేం పోతుంది?" "అది కొలిచిన వేగమయ్యా!" "కొలతకి కూడా అటూ ఇటూ ఉంటుందని ఇన్నేళ్ళూ మా చెవులు ఊదరగొట్టింది మీరేగా!" ఆయన ఓసారి గదిలోని కుర్చీలన్నిటినీ చూసి మౌస్ నొక్కాడు. వేగం తగ్గింది, దాంతో లెక్కలో లోతూ తగ్గి, చమురు చేరే భూగర్భంలోని రాతిగుట్ట తెరమీద ముప్పై మీటర్లు పైకి లేచింది; గుట్ట ఎత్తయితే చమురు నిలిచే వీలూ ఎక్కువే కనుక అవకాశం నలభై ఒకటైంది. చూపుడువేలితో అంత గుట్టను ఎత్తిన వీరుడికి గదంతా చప్పట్లు కొట్టింది. తవ్విన బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయి. తల వంచుకుని బోర్డు ముందు నిలబడ్డ ఆయన భుజం తట్టి, "చమురు పడకపోవడానికి యాభై తొమ్మిది శాతం అవకాశముందని ముందే చెప్పారు కదండీ, మీ లెక్కేం తప్పలేదు" అన్నాడు ఛైర్మన్. నిజం చెప్పేద్దామనుకున్న ఆయన దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. అయినా చమురు పడలేదు కనుక ఆ నెలాఖరుకి గది ఖాళీ చేయించారు.