నూతి కేసు ఇన్‌స్పెక్టరు

ఆ ఇన్‌స్పెక్టరు గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఎవరేం చెప్పినా తల ఊపి, "తరవాత?" అని మాత్రం అడిగేవాడు.

యుద్ధం రోజుల్లో అనకాపల్లికి బదిలీ మీద వచ్చాడాయన. నా భర్త మొదటి భార్య పెరటి నూతిలో పడి చనిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. కాలు జారిందని మా వీధంతా ఒకే మాట చెప్పింది. రెండో భార్యగా వచ్చిన నాకూ అదే చెప్పారు. ఇన్‌స్పెక్టరొక్కడే నమ్మలేదు. వీలు చిక్కినప్పుడల్లా వచ్చి, మా అరుగు మీద అత్తగారి ఎదుట కూర్చునేవాడు.

ఒక ఉదయం ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ, ఎప్పటిలాగే "కాలు జారి పడ్డాది బాబూ" అంది.

"తరవాత?"

"అరిసింది."

ఆ మాట ఆవిడ మునుపెన్నడూ చెప్పలేదు.

"తరవాత?" అన్నాడాయన, ఇంకా నెమ్మదిగా.

"నా కొడుకే తోసేడు బాబూ. నాను సూసేను. అరుపులు ఈదంతా ఇన్నాది. అందరం తలుపులేసుకున్నాం."

ఆవిడ చేతులు మాత్రం పిక్కలు తీస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం బెల్లం కొట్టు నుంచి నా భర్తను తీసుకుపోయారు. నాకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. ఇన్‌స్పెక్టరు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "మీ పుట్టింటికి కబురు పంపమంటావా అమ్మా?" అని అడిగాడు.

"పొయ్యి మీద అన్నం ఉందండి" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. కశింకోటకు మనిషిని పంపి, మా నాన్న బండి కట్టుకుని వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. మధ్యలో మాడు వాసన వస్తే, తనే లోపలికి వచ్చి కుండ దించాడు. నేను ఆ పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాను.