ఉప్పు పడ్డ ఐసు

భీమడోలు దాటాక విజయదుర్గ ఒళ్లోని థర్మోకోల్ పెట్టె మూత కాస్త ఎత్తి చూసింది. పొద్దున దానిమ్మ రసంలా మెరిసిన సీసాలోని ద్రవం ఇప్పుడు బూడిదరంగు గడ్డై ఉంది.

"మావయ్యా, ఐసులో ఏం వేశారు?"

చేపల వ్యాను నడుపుతున్న వెంకట్రాజు గర్వంగా నవ్వాడు. "రాళ్లుప్పమ్మా. ఉప్పు పడితే ఐసుకి పళ్లొస్తాయి. మన కొల్లేరు చేప కలకత్తా దాకా కళ్లు మెరుస్తూనే వెళ్తుంది మరి!"

చల్లగా ఉంచమంది గానీ, గడ్డకట్టకూడదని చెప్పలేదు.

పెంటపాడు వరిచేల పిల్ల. తాడేపల్లిగూడెం ల్యాబులో ఏళ్ల తరబడి బంగారాన్ని కంటికందని రేణువులుగా చేస్తోంది. స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా కనబడాలని ఎక్కించే అయోడిన్ మందు కిడ్నీలు బలహీనమైనవాళ్లకి ఇబ్బంది. దాని బదులు సీసాలోని ఈ బంగారు రేణువులు పనికొస్తాయేమోనని ఆశ. రేపే ప్రాజెక్టు రివ్యూ. స్కాన్‌లో సీసా తెల్లగా పడిన బొమ్మ చూపించకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. మళ్లీ చేసే వ్యవధి లేదు.

ఏలూరు స్కాన్ సెంటర్ చేరేసరికి గడ్డ కరిగింది. అడుగున నల్లటి మడ్డి, పైన వట్టి నీళ్లు.

టెక్నీషియన్ సుకుమార్ సీసా చూసి గొంతు తగ్గించాడు. "ఊపి పెట్టేద్దామండీ. తెల్లగా పడుతుంది. ఊపామని బొమ్మ చెబుతుందా ఏంటి?"

ఊపింది. మడ్డంతా లేచి సీసా నిండా కలిసింది. రేపు ఈ మందు ఎక్కించుకునే ఎవరిదో సన్నని నరం కళ్లముందు మెదిలింది, ఆ నరంలో మెల్లగా దిగుతున్న మడ్డి.

సీసాని మిషన్ బల్లమీద పడుకోబెట్టి, చేయి వెనక్కి తీసుకుంది.

"మేడమ్, పేషెంట్లు వచ్చేస్తున్నారండీ."

"మడ్డి అడుక్కి దిగనివ్వండి, అప్పుడు తీద్దాం."

కాసేపటికి స్కాన్ తెర మీద నల్లటి నీళ్లు, వాటి అడుగున ఒక తెల్లటి గీత.

"తెల్లగా వచ్చిందిగా అమ్మా!" అన్నాడు వెంకట్రాజు తలుపు దగ్గర్నుంచి.

"అడుగున పడిపోయింది మావయ్యా."

ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఉప్పు నేనే..."

"నేను చెప్పలేదుగా," అంటూ తన రీసెర్చ్ గైడ్ లలితకుమారికి ఫోన్ చేసింది. గడ్డకట్టి పాడైందని చెప్పింది.

లలితకుమారి వెంటనే అడిగింది.

"ఊపితే కలుస్తోందా?"

విజయదుర్గ కళ్లు మూసుకుంది. "కలుస్తుందండీ. నిలవదు."

బయట ఎవరో పేషెంటు దగ్గారు.

"అయితే ఆ బొమ్మే పట్టుకురండి. రేపు రివ్యూలో అదే చూపిద్దాం, వాళ్లేమంటారో విందాం."